ఫైరింగ్‌కి వెళ్లే అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

చిత్తూరు,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన టార్గెట్ ఫోటో రాత్రి తీరిగ్గా చూశాను. అయిదు రౌండ్లూ కాగితం మీదే పడ్డాయి. 25 మీటర్లలో మొదటిసారి పాయింట్ టూ టూ రైఫిల్ పట్టిన పిల్లకి అది మంచి మొదలే. కాకపోతే అయిదూ నిలువుగా, ఒకదాని కింద ఒకటి జారాయి. "ఇసుక బస్తా మీద పెట్టే కాల్చాను కదా పెద్దనాన్నా, మళ్లీ ఇలా ఎందుకు?" అని అడిగావు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. పటాలంలో నేర్చుకున్నదీ, తర్వాత మన జిల్లా కాలేజీల్లో ఎన్‌సీసీ పిల్లలకి నేర్పుతూ గమనించిందీ కలిపి రాస్తున్నాను. క్యాంపుకి తిరుపతిలో బస్సెక్కే లోపల ఇంకోసారి చదువుకో.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, బస్తా ఉన్నది బరువు మోయడానికి. కండ బిగించి పట్టుకున్నది ఏదైనా కాసేపటికి వణుకుతుంది, ఎంత బలమున్న మనిషికైనా సరే. నేల మీదో బస్తా మీదో ఆనినది వణకదు. కుదురు మీద కూర్చున్న కుండని ఎవరూ పట్టుకోనక్కర్లేదు చూడు, రైఫిల్ బస్తా మీద అలా కూర్చోవాలి. చేతులు వదులు చేసినా ఫోర్‌సైట్, అంటే రైఫిల్ ముందు కొసన గురి చూసే మొన, టార్గెట్‌ని వదిలిపోకూడదు. బస్తా ఇచ్చినా రౌండ్లు చెదిరాయంటే నేను మొదట అనుమానించేది ఒక్కటే. కింద ఆసరా పెట్టుకుని కూడా ఆ పిల్ల రైఫిల్‌ని చేత్తో పైకో పక్కకో నెడుతోందని.

ఆ నెట్టుడు ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూడు. ఫోర్‌సైట్‌కీ కంటి దగ్గరుండే వెనక సైట్‌కీ మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకో. ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటరు జరిగితే 25 మీటర్ల దగ్గర దెబ్బ 4 సెంటీమీటర్లకి పైగా తప్పుతుంది. 50 మీటర్లయితే 8 దాటుతుంది. మిల్లీమీటరంటే ఏటీఎం కార్డు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఇక బస్తా సంగతి. ఫైరింగ్ పాయింట్‌లో బస్తాని ఎవరూ పట్టించుకోరు, నాకు బాధ కలిగించేది అదే. పిల్లలు వచ్చి ముందున్నవాళ్లు ఎలా వదిలేస్తే అలాగే దాని మీద రైఫిల్ పెట్టి కాల్చేస్తారు. నీ డీటైల్, అంటే నీతో కలిసి ఒకేసారి కాల్చే జట్టు, వంతు వచ్చినప్పుడు పడుకోగానే ముందు బస్తా మీద చెయ్యి వేసి చూడు. మూతి దాకా కుక్కి కుట్టిన బస్తా అయితే అది బండరాయితో సమానం. ట్రిగ్గర్ పడ్డాక బుల్లెట్ ఇంకా బ్యారెల్ గొట్టంలో ఉండగానే రైఫిల్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. కింద గట్టి వస్తువుంటే ఆ కదలికకి రైఫిల్ ఎగిరిపడుతుంది, ఎగిరిన ప్రతిసారీ ఒకేలా ఎగరదు. మూడొంతులు మాత్రమే నింపిన బస్తా అయితే మెత్తగా ఒదుగుతుంది. పిడికిలితో రెండు మూడుసార్లు గుద్ది నడుమ పల్లం చెయ్యి. రైఫిల్ ఆ పల్లంలో పడుకోవాలి, పక్కలకి దొర్లకూడదు. నవంబర్, డిసెంబర్ వానల్లో రాత్రంతా బయట పడేసిన బస్తాలు తడిసి గట్టిపడి ఉంటాయి. అలాంటిది తగిలితే మొహమాటపడకుండా వేరేది అడుగు.

బస్తా మీద పెట్టాల్సింది బ్యారెల్ కింద ఉండే చెక్కని. బ్యారెల్‌ని ఎప్పుడూ ఆనించకూడదు. బుల్లెట్ లోపల పరుగెత్తేటప్పుడు బ్యారెల్ అదురుతుంది, దానికి ఏదైనా తగిలితే ఆ అదురు మారి దెబ్బ పక్కకి పోతుంది. చెక్క కూడా అయిదు రౌండ్లకీ ఒకే చోట ఆనాలి. ఒక రౌండుకి మ్యాగజైన్ (తూటాల పెట్టె) దగ్గరగా, ఇంకో రౌండుకి నాలుగు వేళ్లు ముందుకి పెడితే అది వేరే రైఫిల్‌తో కాల్చినట్టే. మీ ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంటే చెక్క మీద సుద్దముక్కతో చిన్న గీత పెట్టుకో. స్లింగ్ (రైఫిల్ పట్టీ) కొక్కెం బస్తాకి తగులుతుందేమో కూడా చూసుకో. అదొక్కటి గోనెలో చిక్కుకుంటే చాలు, రైఫిల్ వెనక్కి వచ్చే తీరు మారిపోతుంది.

ఎడమ చెయ్యి ఎక్కడుండాలి అన్నావు. రెండు పద్ధతులున్నాయి. చేతి వెనక భాగాన్ని బస్తా మీద ఆనించి అరచేతిలో రైఫిల్ పెట్టుకోవడం ఒకటి. చెక్కని నేరుగా బస్తా మీదే ఉంచి, ఎడమ చేతిని వెనక్కి తెచ్చి పిడికిలిని బట్ (భుజానికి ఆనే వెనక భాగం) కిందికి చేర్చడం రెండోది. రెండో దాంట్లో ఒక సుఖం ఉంది. పిడికిలి కాస్త బిగిస్తే బట్ లేచి ఫోర్‌సైట్ దిగుతుంది, వదిలితే ఎక్కుతుంది. వెంట్రుకవాసి సర్దుబాటు కూడా చేసుకోవచ్చు. బెంచీ మీద కూర్చుని కాల్చేవాళ్లు పిడికిలికి బదులు చిన్న సంచి పెట్టుకుంటారు. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, జల్లెడ పట్టి ఆరబెట్టిన ఇసుక పోసి కుట్టినా పని జరుగుతుంది. బియ్యం పోసేవాళ్లూ ఉన్నారు కానీ, తినే గింజని అలా వాడటం మన ఇళ్లలో ఒప్పుకోరు, పైగా పురుగు పడుతుంది. మీ క్యాంపులో ఏ పద్ధతి చెబితే అదే చెయ్యి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఒక పద్ధతిలో మొదలుపెట్టి మధ్యలో రెండో దానికి మారొద్దు. ఆసరా మారితే దెబ్బ పడే చోటు మారుతుంది.

పడుకున్నాక చేయాల్సిన పరీక్ష ఇది. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉండగా టార్గెట్ మీద గురి కలుపు. కళ్లు మూసుకో. రెండుసార్లు ఊపిరి పీల్చి వదులు, భుజాలు, మెడ అన్నీ సడలించు. ఇప్పుడు కళ్లు తెరువు. ఫోర్‌సైట్ కుడికి జరిగి కనబడిందనుకో, చేత్తో లాగి మధ్యకి తేవొద్దు. ఎడమ మోచెయ్యి నేల మీద అలాగే ఉంచి నడుమూ కాళ్లూ కుడివైపు కొంచెం జరుపు, రైఫిల్ తనంతట తానే ఎడమకి తిరుగుతుంది. పైకో కిందికో ఉంటే బస్తా ఎత్తు సర్దు, లేదా ఒళ్లు కాస్త ముందుకో వెనక్కో జరుపు. మళ్లీ కళ్లు మూసి తెరువు. తెరిచిన ప్రతిసారీ అక్కడే కనబడే దాకా చెయ్యి. వెనక ఇంకో డీటైల్ కాచుకుని ఉంది కదా అని టెన్షన్ పడి ఈ పని వదిలేస్తారు పిల్లలు. వదలొద్దు తల్లీ, ఫైరింగ్‌లో సగం పని ఇక్కడే అయిపోతుంది.

నీ రౌండ్లు నిలువుగా ఎందుకు పడ్డాయో ఇప్పుడు నీకే అర్థమవ్వాలి. పై నుంచి వరసగా కిందికి దిగుతూ వచ్చి ఉంటే, ప్రతి రౌండుకీ బస్తా కొంచెం కొంచెం కుంగింది. నువ్వు దాన్ని సర్దకుండా రైఫిల్‌ని చేత్తో ఎత్తి గురి కలుపుకున్నావు. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి చెయ్యి సడలింది, ఫోర్‌సైట్ దిగింది. వరస లేకుండా ఒకటి పైన ఒకటి కింద పడి ఉంటే అది ఊపిరి. ఊపిరితో పాటు ఫోర్‌సైట్ పైకీ కిందికీ ఆడటం సహజమే. నిటారుగా ఆడితే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు, ఏటవాలుగా ఆడితే మోచేతులో నడుమో సర్దుకోవాలి. మామూలుగా ఊపిరి వదిలాక మళ్లీ పీల్చే ముందు చిన్న ఆగుడు వస్తుంది చూడు, రౌండు అక్కడ పోవాలి. ఆ ఆగుడుని అయిదారు సెకన్లు పొడిగించొచ్చు. అంతకు మించితే కళ్లు మసకబారతాయి, చెయ్యి మొరాయిస్తుంది. అప్పుడు వేలు తీసేసి మళ్లీ మొదలుపెట్టు. వదులుకున్న గురి వల్ల మార్కులు పోవు.

బస్తా ఎంత బాగున్నా ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా గుంజేస్తే అంతా వృథా. పెరేడ్ రోజుల్లో తూటా లేకుండా డ్రై ప్రాక్టీస్ ఇస్తారు కదా, అప్పుడు బ్యారెల్ కొస మీద రూపాయి బిళ్ల పెట్టమని పక్కమ్మాయికి చెప్పు. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ పడాలి. కాల్చేటప్పుడు చూపు ఫోర్‌సైట్ మీద ఉండాలి, టార్గెట్ కాస్త మసగ్గా కనబడినా ఫర్వాలేదు.

బస్తా లేని చోట ఏం చేస్తారని కూడా అడిగావు. గోడ, చెట్టు, బండ, ఏదైనా ఆసరానే. మన తిరుమల కొండల కింద ఉన్నట్టు బండలున్న నేలలో అయితే పటాలంవాళ్లు బండకీ రైఫిల్‌కీ మధ్య చిన్న సామాను సంచో మడిచిన దుప్పటో పెడతారు. చెట్టుకైతే అరచేతిని మానుకి ఆనించి, చాచిన బొటనవేలి మీద రైఫిల్ పెట్టుకుంటారు. రైఫిల్‌ని నేరుగా మానుకి అదమరు. మోకాలి మీద ఆనేటప్పుడు మోచేతి మొనని మోకాలిచిప్ప మీద పెట్టొద్దు, ఎముక మీద ఎముక జారుతుంది. మోచేతికి కాస్త పైన ఉండే మెత్తని కండని మోకాలికి ఆనించు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. సైట్లు బ్యారెల్ కంటే ఎత్తులో ఉంటాయి. సైట్లోంచి చూస్తే టార్గెట్ దాకా దారి ఖాళీగా కనబడుతుంది, కానీ బ్యారెల్ ఎదురుగా బస్తా అంచో గోడ అంచో ఉండొచ్చు. బ్యారెల్ కొస ఆసరా దాటి జానెడైనా ముందుకుండాలి.

పోటీల్లో బస్తా ఇస్తారా అంటే, ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో ఇవ్వరు. 2008లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకి కాంస్యం వచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (మూడు భంగిమల్లో కాల్చే పోటీ)లో మోకాలి మీదా, పడుకునీ కాల్చేటప్పుడు చేతికి స్లింగ్ బిగించుకోనిస్తారు. స్లింగ్ కూడా ఆసరానే, రైఫిల్ బరువుని కండకి తగలనివ్వకుండా మోచేతి ఎముక మీదుగా నేలకి దించేస్తుంది. పారా షూటింగ్‌లో చేతులతో రైఫిల్ బరువు మొయ్యలేనివాళ్లకి ఎస్‌హెచ్2 అనే విభాగం ఉంది. వాళ్లకి స్టాండ్ ఇస్తారు, ఆ స్టాండ్ కూడా బిగదీసి ఉండదు, స్ప్రింగ్ మీద ఆడుతూ ఉంటుంది. గురి నిలపడం షూటర్ పనే.

మీ తమ్ముడు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొనిమ్మని మీ నాన్నని పీడిస్తున్నాడట. కొంటే వాడికి చెప్పు, ఆ రకం రైఫిల్ బస్తా మీద నేరుగా పెడితే సరిగ్గా కొట్టదు. లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకడంతో రైఫిల్ రెండు వైపులా కుదుపుతుంది. తెరిచిన అరచేతిని బస్తా మీద పెట్టి, దాని మీద రైఫిల్‌ని వదులుగా ఉంచాలి, బిగించి పట్టకూడదు. పిట్టల మీదికి మాత్రం గురి పెట్టనివ్వొద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, అంతకంటే ముందు అది మన ఇంటి పద్ధతి కాదు.

క్యాంపు ఎండల్లో పడితే పొద్దున్నే మొదటి డీటైల్స్‌లో పేరు ఇచ్చుకో. ఎండెక్కాక నేల మీది వేడికి టార్గెట్ అలల్లాగా ఊగుతుంది. గ్రౌండ్ షీట్ పరిచే ముందు మోచేతులు ఆనే చోట గులకరాళ్లు ఏరెయ్యి. ఒక్క రాయి గుచ్చుకున్నా మోచెయ్యి నీకు తెలియకుండానే జరుగుతుంది.

చివరి రౌండ్ అయ్యాక రైఫిల్‌ని బస్తా మీద అలా వాల్చేసి లేవొద్దు. బస్తా మీద నిశ్చలంగా ఉంది కదా అని పిల్లలు దాన్ని ఖాళీదనే అనుకుంటారు. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, బ్యారెల్ కొస టార్గెట్ వైపు, బోల్ట్ గడియ తెరిచి చాంబర్ ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించు. ఆయన చూసి లేవమని చెప్పాకే లేవాలి.

మీ పెద్దనాన్న