వేడి గ్రహం తయారుచేస్తున్న బుజ్జికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

సెలవుల్లో నీ స్నేహితులతో, తలా ఒక పాత్రగా మారి కథ నడిపే అంతరిక్షం ఆట ఆడించబోతున్నావనీ, మండిపోయే గ్రహం ఒకటి సొంతంగా తయారుచేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

మ్యాపు గీయడం, పేర్లు పెట్టడం నీకు ఒకరు చెప్పక్కర్లేదు. గాలి సంగతి మాత్రం ముందు తేల్చుకో. బుధుడి మీద పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. వేడిని పట్టి ఉంచే గాలి లేదు మరి. శుక్రుడి మీద కార్బన్ డయాక్సైడ్ దుప్పటిలా కప్పేసింది కాబట్టి రాత్రీ పగలూ 465 దగ్గరే. సీసం కూడా కరుగుతుంది. "చీకటి పడ్డాక బయల్దేరదాం" అనే ఎత్తు మొదటిచోట పారుతుంది, రెండోచోట పారదు.

ఇక నా తప్పు. 1988లో మా గదిలో వైకుంఠపాళి పాచికతో ఇలాగే ఆడేవాళ్లం. మీ చిన్నమామయ్య ఏడాదిపాటు ఒకే పైలట్‌గా ఆడాడు. వాడి పైలట్ అంటే మా అందరికీ ప్రాణం. నేను 500 డిగ్రీల గ్రహం ఒకటి కల్పించి, ఓడ తలుపు తీయగానే పాచిక వెయ్యమన్నాను. రెండు పడింది. "చచ్చిపోయావు" అన్నాను. వాడు ఒక్క మాట అనలేదు. తన పైలట్ వివరాలు రాసుకున్న కాగితాన్ని, అదే క్యారెక్టర్ షీటుని, నాలుగు మడతలు పెట్టి, నా నోటుబుక్కు మీద ఉంచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆటకి రాలేదు. వేడంటే అంకె అనుకున్నాను నేను. చెన్నై ఎండల్లో పెరిగి కూడా అది ఒంట్లోకి మెల్లగా ఎక్కుతుందన్న సంగతి రాయలేకపోయాను.

2003 మే 31న ఇక్కడ 45 డిగ్రీలు కాసింది. అంత అక్కర్లేదు, ఉక్కపోసే రోజున చెమట ఆరకపోతే చాలు, ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. ముందు దాహం, తర్వాత తలనొప్పి, ఆపైన మాట తడబడటం. నీ ఆటలో ఈ మెట్లన్నీ ఉండాలి. సూటులో చల్లదనం ఇంకెంతసేపో వాళ్లకి కనబడుతూ ఉండాలి. 1982లో శుక్రుడి మీద దిగిన సోవియట్ నౌక వెనెరా 13ని 32 నిమిషాలకని తయారుచేస్తే 127 నిమిషాలు పనిచేసింది. దిగకముందే దాన్ని చల్లబరిచి పంపారు. నీ వాళ్లకీ అలాంటి అవకాశం ఇవ్వు. దేనికెంత ఖర్చు పెట్టాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో వాళ్లే తేల్చుకోనీ.

అన్నట్టు, మేడమీద రేకుల గదిలో మధ్యాహ్నం ఆడతారట! బుద్ధుందా నీకు? సముద్రపు గాలి తిరిగాకే పైకెక్కండి. మజ్జిగ చెంబు పక్కనే పెట్టుకో. ఆటలో పడితే నీళ్లు తాగడం మర్చిపోతావు, చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు.

చిన్నమామయ్య మడిచిన ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ ఓడలో ఆ పైలట్‌కి ఒక సీటు ఉంచి, చిన్నమామయ్యని ఆటకి నువ్వే పిలువమ్మా.

మీ మామయ్య