కుక్క కరిచిన గాయం మానినట్టే మాని మళ్లీ రసి కారుతోంది.. కాలు తిమ్మిరి రేబిస్ లక్షణమా?

ప్రశ్న: నా వయసు 43. తొమ్మిది వారాల కిందట తెలిసినవాళ్ల పెంపుడు కుక్క నా కుడి పిక్కను బయటివైపు గట్టిగా కరిచింది. ఆ రోజే ఆసుపత్రిలో గాయం కడిగి, గాయంలో, దాని చుట్టూ రేబిస్ వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే సీరం ఎక్కించి, టీటీ ఇచ్చి, రేబిస్ టీకా మొదలుపెట్టారు. ఐదు డోసుల్లో 28వ రోజుది మాత్రం ఐదు రోజులు ఆలస్యంగా వేయించుకున్నాను. గాయం పైకి మానింది. కానీ ఒకచోట పక్కు కట్టి, వారం పది రోజులకు ఊడి, కాస్త రసి కారి మళ్లీ మూసుకుంటోంది. అలా జరిగినప్పుడల్లా పాత చీటీ చూపించి యాంటీబయాటిక్ కొని ఐదు రోజులు వేసుకుంటున్నాను. ఇప్పటికి మూడుసార్లయింది. పాదం పైభాగం మొద్దుబారింది. మచ్చ మీద చెయ్యి తగిలితే వేళ్ల దాకా కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటోంది. ఇది రేబిస్ ఏమోనని నిద్ర పట్టడం లేదు. ఆ కుక్క ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉంది. నాకు షుగర్ ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందుగా మీ నిద్ర పోగొడుతున్న భయం సంగతి చూద్దాం. మీకు రేబిస్ రాదు. ఆ కుక్క బతికి ఉండటమే ఇందుకు అన్నిటికన్నా పెద్ద ఆధారం. కుక్క లాలాజలంలో రేబిస్ వైరస్ వచ్చిందంటే దానికి జబ్బు ముదిరినట్టే, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. అందుకే కరిచిన కుక్కను 10 రోజులు గమనించమంటాం. ఆ 10 రోజులు ఆరోగ్యంగా ఉన్న కుక్క, కరిచిన నాటికి రేబిస్‌ను అంటించే స్థితిలో లేదని అర్థం. మీ విషయంలో తొమ్మిది వారాలు గడిచాయి. పైగా సీరం, టీకా రెండూ అందాయి. చివరి డోసు ఐదు రోజులు ఆలస్యమైనంత మాత్రాన కోర్సు వృథా కాదు, మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కర్లేదు. కాటు వేసినచోట తిమ్మిరి రేబిస్ తొలి లక్షణాల్లో ఒకటన్న మాట నిజమే. ఎక్కడో చదివి మీరు భయపడటంలో తప్పు లేదు. కానీ మీ తిమ్మిరికి కారణం వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

నన్ను ఆలోచనలో పడేసింది మీరు మామూలు విషయంలా రాసిన రసి. మూసుకుని, మళ్లీ తెరుచుకుని, మళ్లీ మూసుకునే రంధ్రాన్ని మానిన గాయం అనుకోకూడదు. కుక్క పన్ను కత్తిలా శుభ్రంగా కోయదు. దవడ బలంతో నొక్కి, నలిపి, చీలుస్తుంది. అందుకే పైన చిన్న రంధ్రమే కనిపించినా లోపల కొవ్వు, కండ చాలా మేర నలిగిపోయి ఉంటాయి. పై చర్మం త్వరగా అతుక్కుపోతే లోపల చిన్న సంచిలాంటి ఖాళీ మిగిలిపోతుంది. కరిచినప్పుడు మీరు వేసుకున్న బట్ట దారాలో, వెంట్రుకో, విరిగిన పంటి మొనో అందులో చిక్కుకుని ఉండొచ్చు. శరీరం వాటిని కరిగించుకోలేదు, బయటికి నెట్టాలని చూస్తుంది. ఆ ప్రయత్నమే మీకు కనిపిస్తున్న రసి. పిక్క బయటివైపు లోపల సన్నని ఎముక ఒకటి ఉంటుంది. పన్ను అంత లోతుకు దిగి ఉంటే ఆ ఎముకకు ఇన్‌ఫెక్షన్ సోకిందేమో కూడా చూడాలి. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ అనుమానాన్ని అస్సలు వదలకూడదు.

మీరు వాడిన యాంటీబయాటిక్ ఇక్కడ మేలు కన్నా చెరుపే ఎక్కువ చేసి ఉంటుందని నా అభిప్రాయం. లోపల చిక్కుకున్న వస్తువును అంటిపెట్టుకున్న క్రిముల దాకా మందు సరిగ్గా చేరదు. చుట్టుపక్కల ఉన్నవి తగ్గుతాయి, పది రోజులు రసి ఆగుతుంది, గాయం మానిందని మీరు సంతోషిస్తారు. మందు ఆపాక కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇలా విడతలు విడతలుగా వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు పరీక్షకు పంపితే అసలు క్రిమి పట్టుబడకపోవచ్చు కూడా. కాబట్టి దయచేసి నాలుగోసారి మీ అంతట మీరు కొనకండి. ఈ వారంలోనే సర్జన్‌ని కలవండి, ఇప్పటికే మూడు కోర్సులు వాడిన సంగతి దాచకుండా చెప్పండి.

ఆయన ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ రెండూ రాయవచ్చు, ఒకటి చాలదా అనుకోవద్దు. పంటి ముక్క, ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తాయి. బట్ట పీలిక కనిపించదు, దానికి అల్ట్రాసౌండ్ కావాలి. ఎముక ఇన్‌ఫెక్షన్ తొలి వారాల్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చు కనుక అనుమానం ఉంటే ఎమ్మారై అవసరమవుతుంది. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పైపైన తుడిచిన రసి కన్నా లోపలి కణజాలం నుంచి తీసిన నమూనా నమ్మదగినది. చిన్న ఆపరేషన్‌తో లోపల శుభ్రం చేసి, ఉన్నదేదో తీసేస్తే ఇలాంటి గాయాలు చాలావరకు పూర్తిగా మానిపోతాయి. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ అదుపులో లేకుంటే ఎంత మంచి సర్జన్ చేసినా గాయం మొండికేస్తుంది. ఈలోగా రంధ్రాన్ని నొక్కి పిండకండి, స్పిరిట్ పోయకండి. సబ్బు నీళ్లతో కడిగి పొడి గాజుగుడ్డ కట్టుకుంటే చాలు.

ఇక తిమ్మిరి. పిక్క బయటివైపు నుంచి దిగే ఒక నరం పాదం పైభాగానికి స్పర్శ తెలిసేలా చేస్తుంది. మీరు చెప్పిన చోట్లు రెండూ ఆ దారిలోనే ఉన్నాయి, కాబట్టి కాటుకు ఆ నరం నలిగిందని అనుకుంటున్నాను. తాకితే జివ్వుమనడం అంత చెడ్డ సూచన కాదు. నరం తిరిగి పెరుగుతున్నప్పుడు దాని కొన ఇలాగే స్పందిస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ జివ్వుమనే చోటు మచ్చ దగ్గర నుంచి పాదం వైపు జరుగుతుంటే నరం కోలుకుంటున్నట్టే. కానీ నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది, అంటే నెలకు 3 సెంటీమీటర్లు. పిక్క నుంచి పాదం దాకా వెళ్లడానికి ఏడెనిమిది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పటిదాకా వేడినీళ్లలో పాదం పెట్టేముందు చేత్తో వేడి చూసుకోండి, చెప్పుల్లేకుండా నడవకండి. నొప్పికి నిద్ర పట్టకపోతే నరాల నొప్పికి వాడే మందులు ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి. మూడు నెలలు దాటినా ఏ మార్పూ లేకపోతే నరాల పరీక్ష చేయించాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి: చలితో జ్వరం, ఎరుపు పైకి పాకడం, నడిచేటప్పుడు పాదం పైకి లేవక నేలకు రాసుకోవడం, పిక్క ఒక్కసారిగా ఉబ్బడం, దాంతోపాటు ఆయాసం. పాదం రంగు మారుతూ, చల్లబడుతూ, గాయంతో పొంతన లేనంత నొప్పి వస్తున్నా ఆలస్యం చేయొద్దు.

రసి ఆగి రంధ్రం పూర్తిగా మూసుకున్నాకే మచ్చ మీద మసాజ్ మొదలుపెట్టాలి. మచ్చ మెత్తబడటానికి ఏడాది వరకు పట్టవచ్చు. చీలమండను పైకీ కిందికీ ఆడించడం మాత్రం ఇప్పటి నుంచే రోజుకు నాలుగైదుసార్లు చేయండి. నొప్పికి భయపడి కాలు కదపకపోతే పిక్క కండరం బిగుసుకుపోతుంది.

కుక్క కనిపిస్తే గుండె దడదడలాడటం, ఆ సంఘటన కలలోకి రావడం లాంటివి ఉంటే వాటినీ డాక్టర్‌కు చెప్పండి. కాటు తర్వాత పెద్దవాళ్లకూ ఇలా జరుగుతుంది, ఇది పిరికితనం కాదు. నెల దాటినా తగ్గక, బయటికి వెళ్లడమే మానేసే పరిస్థితి వస్తే సైకాలజిస్ట్ దగ్గర కొన్ని సిట్టింగ్స్ బాగా పనిచేస్తాయి. మీ టీకా కార్డు జాగ్రత్తగా దాచుకోండి. ఇకముందు ఎప్పుడైనా మళ్లీ కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రెండు డోసులు, అంటే మొదటి రోజు ఒకటి, మూడు రోజులకు ఇంకొకటి వేయించుకుంటే సరిపోతుంది. సీరం అక్కర్లేదు.