గోడ మీది నల్ల జిగురు గీకకు తమ్ముడూ

తమ్ముడూ, ఇంగ్లండ్‌లోని బక్స్‌టన్‌లో అద్దెకు దిగిన ఇంటి పెరటి గోడ మీద వానకు ఉబ్బిన ఆ నల్ల 'నాచు' ఏమిటో, దాన్ని చూసి ఓనరు డిపాజిట్ కోస్తాడేమో అని అడిగావు. గీకకు. ముందు నా డబ్బు ఎలా పోయిందో విను.

2006లో మేమూ డెర్బీషైర్‌లోనే ఉన్నాం, అలాంటి సున్నపురాతి గోడల ఇంట్లోనే. ఖాళీ చేసే వారం ముందు గోడ మీద ఇదే కనబడింది. భయపడి రాళ్ళు కడిగే యాసిడ్ కొనుక్కొచ్చి పోశాను. గోడ బుసబుసా పొంగింది. మా ఊళ్ళో బేతంచెర్ల బండల మీద నిమ్మరసం చుక్క పడితే చాలు, మచ్చ పడుతుందని అమ్మ పరుగున వచ్చి తుడిచేది. అదీ సున్నపురాయే, ఇదీ సున్నపురాయే. ఆ పూట నాకు ఆ సంగతి తట్టలేదు. నలుపు పోయింది, గోడ నిండా తెల్లటి చారలు మిగిలాయి. 180 పౌండ్లు కోశారు. అప్పటి లెక్కలో దాదాపు 15 వేల రూపాయలు, ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు.

అది నాచు కాదు, జెల్లీ లైకెన్. మసాలాలో వేసే రాతిపువ్వూ లైకెనే, జాతి వేరు. ఈ జెల్లీ లైకెన్‌లో ఒక శిలీంధ్రం, నాస్టాక్ అనే సూక్ష్మజీవి కలిసి బతుకుతాయి. నాస్టాక్ గొలుసుల చుట్టూ ఉండే జిగురే నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. పొడిగా ఉన్న రోజు చూడు, మాడిన అప్పడం ముక్కలా పెళుసుగా ఉంటుంది. నాలుగు చుక్కల నీళ్ళు వేసి కాసేపు ఆగితే ముడతలు విచ్చుకుని, ముదురాకుపచ్చకు తిరిగి, వేలికి మెత్తగా తగులుతుంది. పదింతలు చూపే లెన్స్ పెట్టి చూడు. రెమ్మల మీద గుండ్రటి పూసల్లాంటివి ఉంటే లాథాగ్రియం ఆరిఫార్మే అనే జాతి కావచ్చు. పూసలు లేకుండా, నొక్కులంచులతో, ఎర్రగోధుమరంగు బిళ్ళలతో ఉంటే లాథాగ్రియం క్రిస్టేటం కావచ్చు. పాత పుస్తకాల్లో రెండిటినీ కొల్లెమా అనేవారు. ఒంటరి నాస్టాక్ కూడా ఇలాగే ఉబ్బుతుంది గానీ, అది నేల మీద వదులుగా పడి ఉంటుంది, బిళ్ళలుండవు.

డిపాజిట్‌ను ఓనరు ప్రభుత్వం ఆమోదించిన రక్షణ స్కీములో పెట్టాలన్న నిబంధన నేను డబ్బు పోగొట్టుకున్నాక 2007లో వచ్చింది, 30 రోజుల గడువు 2012లో వచ్చింది. వివరాలు ప్రభుత్వ సైటులో ఉన్నాయి, చూసుకో. మీ తరానికి అన్నీ చేతికి అందుతున్నాయి, అయినా ఇంట్లో దిగిన రోజున గోడ ఫొటో తీసుకోవాలని ఎవరికీ తట్టదు. ఇవాళే తేదీతో ఫొటో తీసి ఓనరుకు మెయిల్ పెట్టు, చూశానని ఆయన చేత రాయించుకో. యాసిడ్ సీసా ఇప్పటికే కొనుంటే మూత తీయకుండా, బిల్లు పట్టుకెళ్ళి వాపసిచ్చి డబ్బు తెచ్చుకో.