మొదటి హ్యాండ్‌గన్ కొనాలంటే 400 డాలర్లు సరిపోతాయా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే గ్రీన్‌కార్డ్ వచ్చింది. పిల్లలకి పదకొండు, ఆరు ఏళ్లు. మా వీధిలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో దొంగలు పడి బంగారం అంతా పట్టుకుపోయారు, అప్పట్నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. ఇంట్లో ఒక హ్యాండ్‌గన్ పెట్టుకుందామని ఉంది. బడ్జెట్ 400. చవగ్గా 250 డాలర్లకి దొరికేది కొననా, 600 దాకా పెట్టి గ్లాక్ కొననా, లేక సెకండ్ హ్యాండ్ తీసుకోనా? షాపువాళ్లు కార్డు ఇస్తాం, ఆరు నెలలు ఇంట్రెస్ట్ లేదు అంటున్నారు. అమ్మానాన్న వచ్చే నెల విజిట్ వీసా మీద వస్తున్నారు.

జవాబు: ముందు డబ్బు లెక్క చూద్దామండి. గన్ ఒక్కదానికే అయితే 400 చాలు, కానీ గన్ ఒక్కటీ తెచ్చుకుని ఊరుకోలేరు కదా. 350 గన్ అనుకోండి, మీ దగ్గర సేల్స్ టాక్స్ ఎనిమిదింపావు శాతం, అంటే ఇంకో 29. త్వరగా తెరుచుకునే మంచి లాక్‌బాక్స్ ఒక 200 అవుతుంది, గన్ సేఫ్‌లకి టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ లేదు కాబట్టి ఆ ఒక్కటి కాస్త కలిసొస్తుంది. బిగినర్ క్లాసు ఒక 150, చెవులకి మఫ్స్, కళ్లద్దాలు కలిపి 50. 9 ఎంఎం సైజు ప్రాక్టీస్ రౌండ్స్, అంటే బుల్లెట్లు, యాభై ఉండే బాక్సు 15 డాలర్ల లెక్కన పది బాక్సులంటే 150, ఇంట్లో ఉంచుకోడానికి హాలో పాయింట్ (తగిలాక విచ్చుకునే బుల్లెట్లు) రెండు చిన్న బాక్సులు 50, రేంజ్‌లో, అంటే కాల్చి ప్రాక్టీస్ చేసే చోట, లేన్ ఫీజు ఆరుసార్లకి 120. మొత్తం కూడితే 1,100 దగ్గరికి వస్తుంది. మొదటి ఏడాది బడ్జెట్ ఇదీ, 400 కాదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, 400లోనే సర్దేయాలనుకునేవాళ్లు ముందుగా కోసేసేది లాక్‌బాక్సూ క్లాసూనే, పిల్లలున్న ఇంట్లో అస్సలు కోయకూడనివి ఆ రెండే.

షాపు కార్డు వద్దు. అలాంటి ఆఫర్లలో చాలావాటికి మెలిక ఎక్కడుంటుందంటే, ఆరు నెలల్లోగా మొత్తం కట్టేస్తేనే సున్నా, చివర్లో పది డాలర్లు బాకీ మిగిలినా కొన్న రోజు నుంచి లెక్కేసి మొత్తం ఇంట్రెస్ట్ ఒకేసారి వేసేస్తారు. నెలకి 250 పక్కన పెట్టుకుంటే ఐదు నెలల్లో అప్పు లేకుండా అయిపోతుంది.

ఇక ఏది కొనాలి అన్నది. 250 రేంజ్‌లో టారస్ జీ3సీ లాంటివి ఉన్నాయి, చాలామందికి బాగానే పనిచేస్తున్నాయి కూడా, కానీ ఇంకో వంద వేస్తే స్మిత్ అండ్ వెస్సన్ ఎస్‌డీ9 గానీ రూగర్ సెక్యూరిటీ-9 గానీ వచ్చేస్తాయి, మీ బడ్జెట్‌లో నేనైతే వాటి దగ్గరే ఆగుతాను. కొంచెం సాగదీయగలిగితే గ్లాక్ 19, దానికి బుల్లెట్లు నింపే ఎక్స్‌ట్రా మ్యాగజైన్లూ స్పేర్ పార్టులూ ఎక్కడైనా దొరుకుతాయి, రేపు అమ్మాలన్నా రేటు మరీ పడిపోదు. ముద్దుగా ఉందని జేబులో పట్టేంత చిన్నది మాత్రం తీసుకోకండి, చిన్న గన్ చేతిలో గట్టిగా తంతుంది, కొత్తవాళ్లు రెండుసార్లు కాల్చి మళ్లీ దాని మొహం చూడరు. మీ ఆవిడ కూడా వాడతారంటే గన్ పైభాగంలో ఉండే స్లైడ్ వెనక్కి లాగడం ఆవిడ చేతికి వస్తుందో లేదో చూడాల్సిందే, అది కష్టంగా ఉండేవాళ్ల కోసమే షీల్డ్ ఈజీ అని స్మిత్ అండ్ వెస్సన్‌లోనే ఒక మోడల్ ఉంది. రేంజ్‌లో గన్స్ రెంట్‌కి ఇస్తారు, ఇద్దరూ వెళ్లి మూడు రకాలు కాల్చి చూసి అప్పుడు కొనండి. కొన్నాక కూడా ఓ రెండొందల రౌండ్లు జామ్ కాకుండా పోయాకే దాన్ని నమ్మండి, ఇంట్లో పెట్టుకునే హాలో పాయింట్లు కూడా కొన్ని అందులో ఉండాలి.

సెకండ్ హ్యాండ్‌లో పోలీసులు కొత్తవి తీసుకుని వదిలేసిన పాత గన్స్ చవగ్గా వస్తాయి, మంచివే, నడుముకి కట్టుకునే హోల్‌స్టర్‌లో రుద్దుకుని పైన పాలిష్ పోయి ఉంటుంది తప్ప లోపల పెద్దగా అరగవు. కానీ వాటిలో చాలావరకు .40 కాలిబర్, అంటే 9 ఎంఎం కన్నా కాస్త పెద్ద బుల్లెట్ సైజు. 2015 ప్రాంతంలో ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకి వెళ్లింది, వాళ్లని చూసి చాలా డిపార్ట్‌మెంట్లు మారాయి, అందుకే .40లు కుప్పలుగా మార్కెట్‌లోకి వచ్చాయి. వాటి రౌండ్స్ ఖరీదెక్కువ, కిక్ ఎక్కువ, గన్ మీద మిగిలింది రేంజ్‌లో పోతుంది. గురి చూసుకోడానికి చీకట్లో వెలిగే సైట్లు ఉన్నాయని చెప్పి అమ్మినా చూసుకోండి, వాటిలో వెలుగునిచ్చే ట్రిషియం పన్నెండేళ్లకి సగానికి తగ్గిపోతుంది, పాతదైతే వెలుగు ఉండదు.

ఇప్పుడు అసలైన విషయం, అమ్మానాన్నల గురించి. గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి మీరు కొనొచ్చు, ఇరవైఒకటి దాటి ఉంటే చాలు, షాపులో 4473 ఫారం నింపి గ్రీన్‌కార్డ్ మీద ఉండే ఏ-నంబర్ ఇస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. కానీ విజిట్ వీసా, హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ గానీ బుల్లెట్లు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి, లాయర్‌ని అడక్కుండా వాటి జోలికి వెళ్లొద్దు. కాబట్టి లాక్‌బాక్స్ కోడ్ అమ్మానాన్నకి చెప్పకండి, సరదాకి నాన్నగారిని రేంజ్‌కి తీసుకెళ్లి చేతికిచ్చి ఫోటో తీయకండి. హెచ్1బీ మీదున్న బావమరిదో ఫ్రెండో నీ పేరు మీద ఒకటి తీసిపెట్టు అంటే మొహమాటపడకుండా కుదరదనేయండి, అది స్ట్రా పర్చేజ్, 2022 చట్టం ప్రకారం 15 ఏళ్ల దాకా జైలు, గ్రీన్‌కార్డ్‌వాళ్లకి గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడం కూడా ఉంటుంది.

పిల్లల విషయంలో క్లాజెట్ పై అర చాలదు, పదకొండేళ్ల పిల్లాడికి ఇంట్లో దొరకని చోటు ఉండదు. లోడ్ చేసిన గన్ అందేలా వదిలేసి అది పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో పెద్దవాళ్ల మీద కేసు పెడతారు. ఇంకోటి, అమెరికాలో గన్ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మీ ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉన్నా, లేఆఫ్ పడి కుంగిపోయి ఉన్నా దయచేసి ఇప్పుడు కొనకండి, ముందు వాళ్లతో మాట్లాడండి, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పగలైనా రాత్రయినా పలుకుతారు.

చివరగా, మీ భయం బంగారం గురించి కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. ఇది ఉత్త భయం కాదు, మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసే వస్తారు, 2011 నుంచి 2014 దాకా టెక్సాస్, జార్జియా, న్యూయార్క్, మిషిగన్‌లలో ఇలా ఇండియన్, ఏషియన్ ఇళ్లే చూసుకుని దోచిన ముఠాని నడిపిన హ్యూస్టన్ మహిళకి 37 ఏళ్ల జైలు పడింది. దొంగ వచ్చాక ఎదుర్కోవడం కన్నా దొంగకి పనికొచ్చేది ఇంట్లో లేకుండా చేయడం చవక. బ్యాంక్ లాకర్ చిన్న సైజు ఏడాదికి వంద డాలర్ల అటూఇటూ ఉంటుంది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో నగల దొంగతనానికి చాలా పాలసీలు 1,500కి మించి ఇవ్వవు, అంటే ఒక గాజుకి కూడా రాదు, లాకర్‌లో పెట్టినా బ్యాంకు వాటికి గ్యారంటీ ఇవ్వదు, అందుకని నగలు అప్రైజ్ చేయించి ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌లో నగలకి విడిగా రైడర్, అంటే అదనపు కవరేజీ, తీసుకోండి.

వరస ఇలా పెట్టుకోండి: ఈ వారమే బంగారం లాకర్‌కి, ఈ నెల డబ్బుతో లాక్‌బాక్స్ కొని గోడకి బోల్ట్ చేయించడం, వచ్చే నెల ఇద్దరూ క్లాసుకి, ఆ తర్వాత రేంజ్‌లో రెంట్‌కి తీసుకుని కాల్చి చూడటం. డబ్బు కూడేసరికి ఎలాగూ ఐదు నెలలు పడుతుంది, అమ్మానాన్న తిరిగి వెళ్లాకే గన్ ఇంటికి తెచ్చుకోండి.