నక్క అని తేల్చే ముందు గూడు చుట్టూ ఒకసారి చూడండి

ఇంటి వెనక పెంచుకుంటున్న పన్నెండు నాటుకోళ్లలో నెల రోజుల్లోనే ఐదు పోయాయని, ఊళ్లో అందరూ నక్క పనే అంటున్నారని, గూటికి ఏం కాపలా పెట్టాలని అడిగారు. మాది నందికొట్కూరు వైపు పల్లె. మెట్ట చేలు, తుమ్మచెట్లు, రాళ్ల గుట్టలు. నక్కల ఊళ మాకు కొత్త కాదు, కోళ్లు పోగొట్టుకోవడమూ కొత్త కాదు.

ముందు దొంగ ఎవరో తెలుసుకోండి. నేను దెబ్బతిన్నది అక్కడే. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున గూట్లో మూడు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి. నక్కే అనుకుని గూడు చుట్టూ అడుగు లోతున జాలి పాతించి, బండలు పేర్చాను. వారం తిరక్కుండా మళ్లీ రెండు. తలలు కొరికేసి ఒళ్లు అక్కడే వదిలేసింది. మా జేజి చూసి, "నక్కయితే ఇట్ల వదిలేసి పోతుందా, నోట కరుచుకొని పోదూ?" అంది. ఆ రాత్రి టార్చి పట్టుకుని కూర్చుంటే, వేపకొమ్మ మీద నుంచి రేకుల మీదికి దిగింది మానుపిల్లి, చెట్లెక్కే పిల్లిలాంటి అడవి జంతువు! గోడకూ రేకుకూ మధ్య జానెడు సందులోంచి లోపలికి దూరబోయింది. గాలి ఆడాలని ఆ సందు వదిలింది నేనే. కింద నేను పెట్టిన ఖర్చంతా దానికి అసలు అడ్డమే కాలేదు.

నక్క వస్తే మామూలుగా కోడి మొత్తం మాయమవుతుంది, ఈకలు చేను వైపు దారిలో రాలి ఉంటాయి. ఎక్కువగా పొద్దుగూకాక, తెల్లవారుజామున తిరుగుతుంది. పట్టపగలు పిల్లలు తగ్గుతుంటే ముంగిసనో, గద్దనో, కాకినో అనుమానించాలి. ముంగిస రాత్రి రాదు. గుడ్లు పెంకు కూడా మిగలకుండా పోతే పాము. కోళ్లు చెల్లాచెదురుగా చచ్చిపడి, దేన్నీ సరిగా తినకపోతే చాలాసార్లు అది ఊరకుక్కల పని. ఈ మాట అంటే పక్కింటివాళ్లకు కోపమొస్తుంది, అది వేరే సంగతి.

గుంటనక్కనూ నక్కనూ చాలామంది ఒకటే అనుకుంటారు. మా దగ్గర రోళ్లపాడు గడ్డి నేలల్లో తిరిగే గుంటనక్క దాదాపు మూడు కిలోల జీవి, తోక చివర నల్లగా ఉంటుంది. పురుగులు, ఎలుకలు, రేగుపళ్లు తిని బతుకుతుంది. కోడిపిల్లను ఎత్తుకుపోతే పోవచ్చు గానీ బలిసిన పుంజు జోలికి పోవడం కష్టం. దానికి మూడింతలు ఉండే నక్క అయితే పుంజునైనా లాక్కుపోతుంది.

ఇక గూడు సంగతి. అంగట్లో కోళ్ల జాలి అని ఇచ్చే పలచటి ఆరు మూలల జాలి కోడిని లోపల ఉంచుతుంది, అంతే. కుక్కో నక్కో పళ్లతో లాగితే చిరిగిపోతుంది. అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి జాలి తీసుకోండి. ఖరీదు ఎక్కువే, డబ్బు చాలకపోతే కింది మూడడుగుల వరకైనా అది వేసి పైన మామూలు జాలి కట్టండి. నాలాగా కందకం తవ్వే పని లేదు. అడుగున్నర వెడల్పు జాలిని గూటి మొదట్లో బిగించి, బయటివైపు నేల మీద పరిచి, పైన మట్టీ రాళ్లూ వేస్తే చాలు. జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, గోళ్లకు జాలి తగులుతుంది. రెండడుగులు వెనక్కి పోయి తవ్వాలని దానికి తోచదు. రేకుల కింద సందుకూ జాలి కొట్టండి, గూటి మీదికి వాలిన కొమ్మలు నరికేయండి. తలుపుకు తాడు కట్టి వదిలేయకుండా గడియ పెట్టండి.

ఇవన్నీ చేసినా, దీపాలు పెట్టే వేళ తలుపు వేయడం మరిచిపోతే అంతా దండగే. రోజూ అదే టైముకు నూకల డబ్బా గలగలలాడించండి, నాలుగు రోజుల్లో కోళ్లు అలవాటు పడతాయి. లెక్కపెట్టి మూయండి. వనరాజా లాంటి బరువు కోళ్లుంటే మరీ జాగ్రత్త. మా నాటుకోళ్లు గూట్లోకి రాకపోతే చెట్టెక్కి పడుకుంటాయి, ఈ బరువు కోళ్లు అంత ఎత్తుకు ఎగరలేక నేల మీదే దొరికిపోతాయి.

కరెంటు తీగ లాగమని, కోడి మాంసంలో గుళికల మందు కలిపి పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. దయచేసి వద్దు. మన వైపు పొలాల్లో అడవి పందులకని లాగిన తీగలకు మనుషులే పోతున్నారు. విషం ముందుగా ఊరకుక్క నోట్లోనో, మీ కోళ్ల నోట్లోనో పడుతుంది. పైగా నక్క, గుంటనక్క, ముంగిస అన్నిటికీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, చంపితే కేసు. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు గానీ, నక్కను చంపి అదృష్టవంతుడైనవాణ్ని నేను చూడలేదు.

ఈ రాత్రికి జాలి దొరక్కపోతే మిగిలిన ఏడింటినీ వంటింట్లోనో వరండాలోనో గంప కింద మూసి, పైన బరువు పెట్టండి. చచ్చిన కోడి ఏదైనా పెరట్లో మిగిలి ఉంటే లోతుగా పూడ్చేయండి. ఒకసారి రుచి దొరికిన చోటికి ఆ దొంగ జంతువు కొన్నాళ్ల దాకా వచ్చి చూసిపోతూనే ఉంటుంది.