మూత విప్పే ముందు ఇది చదువు, చిట్టీ

తెనాలి,
మే నెల.

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, నువ్వు స్క్రూడ్రైవర్ల సెట్టు తెప్పించుకున్నావనీ, ఈ ఆదివారం హాస్టల్ గదిలో కూర్చుని వెనక మూత విప్పుతానంటున్నావనీ చెప్పింది. వినగానే గుండె ఝల్లుమంది. ఆ వెంటనే సంతోషమూ కలిగింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్న వస్తువు మొరాయిస్తే ఏడుస్తూ కూర్చోకుండా, లోపల ఏం జరుగుతోందో చూద్దామనుకున్నావు. చిన్నప్పుడు తాతయ్య టార్చిలైటు విప్పి, స్ప్రింగు మంచం కిందికి దొర్లిపోతే అది దొరికేదాకా అన్నం ముట్టని పిల్లవి. ఆ గుణం ఎక్కడికీ పోలేదు.

అయినా సరే, విప్పొద్దు తల్లీ. నీకు చేతకాదని కాదు. కొన్న నెలలోపు ఆగిపోతున్న యంత్రాన్ని బాగుచేయడం అమ్మినవాళ్ళ పని. దాన్ని నువ్వెందుకు నెత్తికెత్తుకోవాలి? మూత తీసినంత మాత్రాన వారంటీ పోదని చెప్పే కంపెనీలు ఉన్నాయి. కానీ తీసేటప్పుడు ఒక క్లిప్పు విరిగినా, సన్న కేబులు తెగినా ఆ తప్పు నీదవుతుంది. తర్వాత మొదటి జబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, నువ్వు విరగ్గొట్టిన క్లిప్పు గురించే మాట్లాడతారు.

ఎందుకు ఆగిపోతోందన్నది తర్వాత చూద్దాం. ముందు నీ ప్రాజెక్టు ఫైళ్ళు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ బయటికి తీసెయ్. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే తీసినా నాకు సంతోషమే. ఒక కాపీ బయటి డిస్కులో, ఇంకో కాపీ ఆన్‌లైన్‌లో ఉండాలి. రాస్తుండగా కరెంటు తీసేసినట్టు ఆగిపోయే యంత్రంలో, ఆ క్షణాన తెరిచి ఉన్న ఫైలు పాడయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఉన్న ఇన్నేళ్ళూ నేను పిల్లలని అడిగిన మాట ఇదొక్కటే: సేవ్ చేశారా? అప్పట్లో మధ్యాహ్నం ఎప్పుడు కరెంటు పోతుందో తెలిసేది కాదు, పాత యూపీఎస్‌లు నాలుగు నిమిషాలు కూడా నిలిచేవి కావు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వచ్చిన పిల్లలు గంటసేపు టైపు చేసిన ప్రోగ్రాము పోయి, ఫ్లాపీ చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసుకునేవాళ్ళు. వరసల మధ్య తిరుగుతూ అదే మాట అంటుంటే నా వెనక నన్ను సేవ్ మేడమ్ అనేవాళ్ళట. ఆ పేరంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.

కాపీ తీశాక ఇంకొకటి ఉంది. అందరూ మరిచిపోయేది అదే. మీ చిన్న మావయ్యకి జరిగింది నీకు పూర్తిగా తెలియదు. అప్పుడు నువ్వు ఇంటర్ పరీక్షల్లో ఉన్నావు, నీకు చెప్పొద్దన్నారు.

తాతయ్య పద్యం పాడితే ఎలా ఉండేదో నీకు కొంచెమైనా గుర్తుండాలి. చివరి రెండు వేసవులూ మావయ్య సాయంత్రం పూట ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేశాడు. పద్యాలు, వేషం కట్టిన రోజుల కబుర్లు, మా అమ్మని పెళ్ళిచూపుల్లో చూడ్డానికి వెళ్ళిన కథ, అన్నీ. ఫోన్ నిండిపోతుంటే కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేశాడు. ఆ ల్యాప్‌టాప్ కూడా నీదానిలాగే ఆగిపోవడం మొదలుపెట్టింది. సర్వీసు సెంటర్‌కి తీసుకెళితే మదర్‌బోర్డు మార్చాలి, వారంటీ ఉంది కాబట్టి పైసా కట్టక్కర్లేదు అన్నారు. సంబరపడ్డాడు. కాపీ తీయలేదు. బోర్డు మారుస్తున్నారు, డిస్కుని ముట్టుకోవడం లేదు కదా అనుకున్నాడు. నిజమే, డిస్కుని వాళ్ళు ముట్టుకోలేదు.

యంత్రం తిరిగొచ్చాక స్విచ్ వేస్తే నీలం తెర వచ్చింది. 48 అంకెల రికవరీ కీ కొట్టమంది. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు మనం అడక్కుండానే తాళం వేసుకుని ఉంటుంది. దొంగ ఎత్తుకెళ్ళినా లోపలి ఫైళ్ళు చదవలేకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆ తాళంచెవి మదర్‌బోర్డు మీది చిన్న చిప్పు దగ్గర ఉంటుంది. బోర్డు మారితే చిప్పూ మారుతుంది. కొత్త చిప్పుకి ఈ డిస్కు ఎవరిదో తెలియదు, అందుకే అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు మామూలుగా మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటాయి. మావయ్య ఖాతా ఏది? అమ్మిన రోజు షాపులో కుర్రాడు తొందరగా అయిపోతుందని ఏదో ఒక మెయిల్ ఐడీ సృష్టించి, దాంతో లాగిన్ చేసి, నాలుగంకెల పిన్ పెట్టి ఇచ్చేశాడు. మావయ్య రోజూ ఆ పిన్ కొట్టుకున్నాడు తప్ప ఖాతా ఎవరి పేరున ఉందో ఏనాడూ చూడలేదు. మేం షాపుకి వెళ్ళేసరికి ఆ కుర్రాడు మానేసి వెళ్ళిపోయాడు. మెయిల్ ఐడీ ఎవరికీ తెలియదు.

నా దగ్గరికి తెచ్చాడు. వారంపాటు తెలిసినవాళ్ళందరినీ అడిగాను. డిస్కు నిక్షేపంలా ఉంది, తాళమూ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. ఆ అంకెలు లేకుండా తెరవడానికి దారే లేదు. అప్పటికి తాతయ్య పోయి రెండు నెలలు. మీ అమ్మకి ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన ఒక్క పద్యం మిగిలింది. మావయ్యని ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వాడు మాత్రం తాతయ్య సంవత్సరీకం దాకా ఆ అరుగు మీద కూర్చోలేదు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి ఎవరి మెయిల్‌తో లాగిన్ అయి ఉందో చూడు. నీది కాకపోతే ఈరోజే నీదానికి మార్చుకో. తర్వాత ఫోన్‌లోంచి అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్ళి, బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో వెతుకు. బిట్‌లాకర్ అంటే నేను చెప్పిన ఆ డిస్కు తాళం పేరే. కనబడితే 48 అంకెలూ కాగితం మీద రాసి, మళ్ళీ ఒకసారి సరిచూసుకుని పెట్టెలో దాచు. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకు.

ఇక జబ్బు సంగతి. ఆగిపోతోంది అని నువ్వంటే సర్వీసువాళ్ళకి ఏమీ తెలియదు, ఎలా ఆగిపోతోందో చెప్పాలి. తెర ఒక్కసారిగా నల్లబడి, ఫ్యాను చప్పుడూ ఆగి, మళ్ళీ స్విచ్ వేస్తే మొదటినుంచి లేస్తోందా? అలాగైతే కరెంటు అందకపోవడమో వేడో అయి ఉండొచ్చు. నీలం తెర మీద ఏదైనా రాసి రీస్టార్ట్ అవుతోందా? డ్రైవర్ అనే సాఫ్ట్‌వేరో, ర్యామ్ అనే మెమరీయో చూడాలి. బటన్ నొక్కగానే నువ్వు వదిలిన చోటే తెరుచుకుంటోందా? అది అసలు ఆగిపోవడం కాదు, నిద్రలోకి వెళుతోంది, సెట్టింగ్ మార్చుకుంటే సరిపోతుంది. ఒక నోటు పుస్తకంలో ప్రతిసారీ టైము, ఛార్జర్ పెట్టి ఉందా లేదా, బ్యాటరీ ఎంత శాతం, అప్పుడేం చేస్తున్నావు రాసుకో. 40 శాతం చూపిస్తూనే ఆగిపోతోందంటే బ్యాటరీ మీద అనుమానం. ఛార్జర్ పెట్టినప్పుడే ఆగిపోతోందంటే ఛార్జరూ ప్లగ్గూ చూడాలి.

విండోస్ తనకి జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తుంది. అది చూసి కారణం దొరికేసిందని నెట్‌లో చెప్పినవన్నీ చేయకు. జ్వరం ఉందని థర్మామీటరు చెప్తుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. ఇదీ అంతే. సరిగ్గా మూసుకోకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. దాని దగ్గర్లో 1074 అని ఉంటే విండోసో, ఏదైనా ప్రోగ్రామో కావాలనే ఆపిందన్నమాట. చాలాసార్లు అది అప్‌డేట్ అయి ఉంటుంది.

మంచం మీద పెట్టుకుని పనిచేస్తున్నావా? మీ అమ్మ అవునంది. మే నెలలో, పై అంతస్తు గదిలో, పరుపు మీద! కింది గాలి రంధ్రాలు పరుపులో మూసుకుపోతాయి. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి వెళితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. బల్ల మీద పెట్టుకో. హాస్టల్‌లో బల్ల లేకపోతే చెప్పు, మడత బల్ల కొనిస్తాను.

ఫోన్ ఛార్జర్ పిన్ను సరిపోయింది కదా అని దాంతో పెడుతున్నావేమో. నీ ల్యాప్‌టాప్ 65 వాట్లు అడుగుతుంటే అది 20, 30 వాట్లే ఇస్తుంది. బరువైన పని చేస్తుంటే ప్లగ్గు పెట్టి ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. దానితో వచ్చిన ఛార్జరే వాడు, గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టు. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించకు, ఎర్తింగ్ పోతుంది. ల్యాప్‌టాప్ ఒంటి మీద చెయ్యి పెడితే జిల్లుమంటోందంటే వార్డెన్‌కి చెప్పి ఆ ప్లగ్గు చూపించాల్సిందే.

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, బల్ల మీద పెడితే ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆపెయ్, ఛార్జింగ్ పెట్టకు, పక్కన పెట్టుకుని పడుకోకు. ఇందులో నా మాట కాదనొద్దు.

విండోస్ పాడైంది, ఫార్మాట్ కొడదాం అని ఎవరైనా అంటే ముందు ఒక పరీక్ష చేయి. స్విచ్ వేయగానే, విండోస్ కంటే ముందుండే సెట్టింగుల తెర, అంటే బయాస్ సెటప్‌లోకి వెళ్ళి, ఏమీ మార్చకుండా గంటసేపు అలాగే వదిలెయ్. అక్కడ విండోస్ నడవదు. అక్కడా ఆగిపోతే ఫార్మాట్‌తో పోయే జబ్బు కాదని తేలిపోయినట్టే. ఆగకపోతే మాత్రం యంత్రం లోపలి భాగాల్లో లోపం లేదని అనుకోవడానికి లేదు, ఎందుకంటే అక్కడ పెద్ద పనేమీ ఉండదు. ఆగేది వీడియో తీసి ఉంచు. బయాస్ అప్‌డేట్ మాత్రం నీ అంతట నువ్వు చేయకు. అది నడుస్తుండగా ఈ యంత్రం ఆగిపోయిందంటే మళ్ళీ లేవకపోవచ్చు. సర్వీసువాళ్ళనే చేయమను.

బిల్లు తీసి చూడు, మార్చి ఇచ్చే గడువు ఇంకా ఉందేమో. ఉంటే రిపేరుకి ఒప్పుకోకు, మార్చమనే అడుగు. గడువు దాటితే సర్వీసు సెంటర్‌కి వెళ్ళు. యంత్రం తీసుకునేటప్పుడు వాళ్ళు జబ్బు రాసిచ్చే కాగితం, జాబ్‌షీట్ మీద జనరల్ చెకప్ అని రాస్తే సంతకం పెట్టకు. దానంతటదే ఆగిపోతోంది అని రాయించు. వెళ్ళిన ప్రతిసారీ జాబ్‌షీట్ కాపీ తెచ్చుకో. మూడోసారి కూడా అదే జబ్బుతో తిరిగొచ్చిందంటే ఆ కాగితాలే నీ తరఫున మాట్లాడతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. నువ్వుండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. అంతదాకా రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం నేనుంటాను, భయపడకు. కౌంటర్ దగ్గర గొంతు పెంచేవాళ్ళని చూసి తడబడతావని నాకు తెలుసు. మెల్లగా, కాగితం చూపిస్తూ మాట్లాడు.

శుక్రవారం మీ నాన్న హైదరాబాద్ వస్తున్నారు. ఆయనతో ఒక టెరాబైటు బయటి డిస్కు పంపుతున్నాను, ఫార్మాట్ చేసి ఖాళీగా ఉంచాను. కవర్లో మాగాయ సీసా కూడా ఉంది, రెండూ విడివిడిగా కట్టాను, జాగ్రత్తగా విప్పుకో. కాపీ అయ్యాక ఫోన్ చెయ్యి. ఏ ఫోల్డర్లు వచ్చాయో, ఏవి తెరుచుకున్నాయో ఒక్కొక్కటీ అడుగుతాను, విసుక్కోకు.

మీ పెద్దమ్మ