రాత్రి సరిగ్గా తినలేదు, మరి పొద్దున్నకి షుగర్ ఎక్కడిది?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 41 ఏళ్లు, మాది రణస్థలం దగ్గర. పైడిభీమవరంలో ఒక కంపెనీలో వారానికో షిఫ్టు, సి షిఫ్టు పడితే రాత్రి 10 నుంచి పొద్దున్న 6. మొన్న డ్యూటీ దిగి 7 గంటలకి నేరుగా ల్యాబుకెళ్తే ఫాస్టింగ్ 142 వచ్చింది, జనరల్ షిఫ్టు వారంలో మళ్లీ చేయిస్తే 131. టిఫిన్ తిన్న రెండు గంటలకి చూస్తే 150 కూడా లేదు. రాత్రి అన్నం మానేసి చోడి అంబలి తాగుతున్నాను, డ్యూటీలో 3 గంటలకి క్యాంటీన్ టీ, రెండు బిస్కెట్లు, అంతే. తినకపోతే పెరగడమేటండీ? ప్యాకేజీలో కార్టిసాల్ కూడా చేసి 19 అన్నారు, అది స్ట్రెస్ హార్మోన్ అంట కదా, మా ఇంట్లో ఒకటే కంగారు.

జవాబు: ముందు ఆ 142ని పక్కన పెట్టండి బాబూ. 3 గంటలకి టీ, బిస్కెట్లు అయ్యాయి, 7కి రక్తం ఇచ్చారు, దాన్ని ఫాస్టింగ్ అనరు, కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ పడకూడదు. చివరిసారి ఎప్పుడు తిన్నారు అని అడిగే ల్యాబు నాకైతే తక్కువే కనిపించింది. 131ని మాత్రం వదలడానికి లేదు, 126 దాటింది కాబట్టి ఫాస్టింగ్ ఇంకోసారి, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, చేయించండి, అది 6.5 గానీ ఆపైన గానీ వస్తే స్ట్రెస్ మీదకి నెట్టేయకుండా మందు మొదలెట్టాలి.

ఇక తినకుండా వచ్చిన షుగర్ మీ లివర్‌ది. కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అడుగున ఉంటుంది, తెల్లవారుజామున 3 గంటల నుంచి ఎక్కుతూ లేచిన అరగంటకి పైకి చేరుతుంది, మళ్లీ సాయంత్రానికి దిగిపోతుంది. ఎక్కేటప్పుడు అది లివర్‌ని గ్లూకోజ్ వదలమంటుంది, ఇన్సులిన్ మాటని కాస్త చెల్లకుండా చేస్తుంది, మనిషి లేచి పనిలోకి దిగాలి కదా మరి. షుగర్ లేనివాళ్లకి ఆ టైంలో ఇన్సులిన్ ఇంకొంచెం వచ్చి సర్దేస్తుంది, మీకు సర్దడం తగ్గింది, అందుకే ఏమీ తినకుండానే 131.

మీ షిఫ్టు సంగతే అసలు తిరకాసు. లోపలి గడియారం వారంలో తిరగబడదు. మీరు 6కి దిగి 8కి పడుకునేసరికి కార్టిసాల్ ఇంకా పైనే ఉండి లే లే అంటుంటుంది, అందుకే చాలామందికి 11 గంటలకే మెలకువ వచ్చేస్తుంది, మీకూ అంతే అయ్యుంటుంది. 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూస్తే, సాయంత్రం దిగాల్సిన కార్టిసాల్ దిగలేదు, గ్లూకోజ్ తట్టుకునే శక్తి కూడా తగ్గిపోయింది. కుర్రాళ్లకే అంత అయితే ఏళ్లతరబడి షిఫ్టులు తిరిగేవాళ్ల గురించి వేరే చెప్పాలా!

19కి కంగారు వద్దని ఇంట్లో చెప్పండి. పొద్దుటి పూట 19 మామూలే, అదే అంకె రాత్రి 11కి వస్తే అప్పుడు ఆలోచించాలి, టైం రాయని కార్టిసాల్ రిపోర్టు నాకెందుకూ పనికిరాదు. ఒక్కటి అడుగుతాను, నడుం నొప్పికీ మోకాళ్లకీ పేరు లేని పొట్లం మాత్రలు గానీ వాడుతున్నారా? మన వైపు వాటిలో స్టెరాయిడ్ కలపడం కొత్తేం కాదు, అది కార్టిసాల్ చేసే పనే చేసి షుగర్ పెంచుతుంది. వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సి షిఫ్టు వారంలో అసలు భోజనం ఇంట్లోనే 9 లోపు కానిచ్చేయండి. టీ 12 లోపు, చక్కెర లేకుండా, 3 గంటల బిస్కెట్లు మానేయండి, మరీ ఆకలేస్తే మజ్జిగ. వచ్చాక కిటికీకి దళసరి దుప్పటి కట్టి ఫోను పక్క గదిలో పడేసి 7 గంటలు మంచం మీదే ఉండండి, నిద్ర పట్టినా పట్టకపోయినా.

చోడి అంబలి మంచిదే కానీ అదీ పిండే, గ్లాసు తాగితే సరిపోతుంది, చెంబుడు కాదు.